పహిల్వానుకు థైరాయిడ్

మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్
మార్చి 2024

రియాజ్‌కు,

మంచుకొండల్లో దేశాన్ని కాస్తున్న మా సిపాయికి విజయేందర్ రాస్తున్న ఉత్తరం. మీ పోస్టులో ఫోన్లు ఉంచుకోనివ్వరని ఉస్తాద్ చెప్తే మొదట నవ్వొచ్చింది. ఉస్తాద్ అయిన మీ నాన్న దగ్గర మనిద్దరం కలిసి కుస్తీ నేర్చుకున్న ఇన్నేళ్ళలో నీకు ఒక్క ఉత్తరం రాసే అవసరం రాలేదు. ఇప్పుడొచ్చింది. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకోకు, ఈమధ్య చెయ్యి కొంచెం వణుకుతోంది.

ముందు శుభవార్త విను. నేను బరువు తగ్గుతున్నాను. పోయినేడు కింది బరువు తరగతిలో దిగడానికి నేను పడ్డ తిప్పలు నువ్వు చూశావు. నీళ్ళు మానేసి, రగ్గు కప్పుకొని మౌలాలి గుట్ట మెట్లెక్కి, చివరికి తూకం దగ్గర కళ్ళు తిరిగి పడ్డాను. ఈసారి ఏ తిప్పలూ లేవు. పొద్దున గుడ్లు, పాలు, మధ్యాహ్నం రైల్వే వర్క్‌షాపులో నా డబ్బాతో పాటు పక్కవాడి డబ్బా, సాయంత్రం మీ అమ్మీ పంపే మేకకాళ్ళ పాయా. ఇంత తింటూ కూడా తగ్గుతున్నాను. ఉస్తాద్ మన కుస్తీ తాలీంలో అందరి ముందూ నా భుజం తట్టి, "పహిల్వాన్ అంటే గిట్లుండాలె. తినుకుంటనే బరువు దించిండు" అన్నారు. నాకంటే వెనక చేరి నాకంటే గట్టిగా అరిచే డేవిడ్ రాజు ఉన్నాడే, వాడి మొహం అప్పుడు చూడాల్సింది.

నవత మాత్రం సంతోషపడటం లేదు. బళ్ళో పిల్లలకు పాఠం చెప్పి అలిసిపోయి వస్తే, నేను నిద్రపోకుండా ఇల్లంతా తిరుగుతున్నానట. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారుతున్నాయట. ఎండలు ముదురుతున్నాయి కదా, చెమట పట్టక ఏం పడుతుంది. భార్యలకు ఏదో ఒక ఫిర్యాదు ఉండాలి.

జూన్‌లో రైల్వే పోటీలు. పతకం నాదేనని రాసి పెట్టుకో. ఎడమ పక్క నుంచి ఎత్తి పడేసే నా పట్టు కొన్నాళ్ళు ఆపాను. లంగోటు కూడా మునుపటికంటే రెండు చుట్లు ఎక్కువ బిగిస్తున్నాను. కొత్త పద్ధతిలే.

నీ
విజయేందర్

---

కేరాఫ్ 56 ఏ.పి.ఓ.
ఏప్రిల్

పహిల్వాన్ గారికి,

నీ ఉత్తరం చూసి మా హవల్దార్ సాబ్ ఇది గూఢచారి రాత కాదు కదా అని అడిగారు. నీది ఎప్పుడూ గుండ్రటి రాత. పదో తరగతిలో నా రికార్డు పుస్తకాలన్నీ నీ చేతే రాయించుకున్నాను, నాకు తెలియదా. కొంచెం వణుకు అని రాశావు. ఇది కొంచెం కాదురా.

మా అబ్బా మెచ్చుకున్నారంటే నాకూ సంతోషమే. కానీ ఆయనకు కుస్తీ తెలుసు, ఒళ్ళు తెలియదు. ఆయన దృష్టిలో బరువు దిగితే దేవుడి దయ, ఎక్కితే పాలు మంచివి. నువ్వు తిన్నది ఎటు పోతోందో ఆయన అడగరు. నేను అడుగుతున్నాను. ఇక్కడ మాకు గాలి చాలక ఆకలి చచ్చి సన్నబడతాం. నువ్వు సికింద్రాబాద్‌లో కూర్చొని ఎందుకు సన్నబడుతున్నావు? పోటీల దాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళు. నవత చెల్లె చెప్పేది ఫిర్యాదు కాదు, చూసిన సంగతి.

పాయా గురించి ఇంకోసారి రాయకు. ఇక్కడ డబ్బా కూర తింటున్నాం.

రియాజ్

---

మల్కాజ్‌గిరి
మే

రియాజ్‌కు,

నీ మాట, నవత పోరు రెండూ పడలేక వెళ్ళాను. రక్తం తీశారు. నాకు థైరాయిడ్ ఎక్కువైందట. అది మెడలో ఉండే గ్రంథి. నాలో అది ఆగకుండా పనిచేస్తోందట, అందుకే గుండె దడ, చెమట, వణుకు, ఎంత తిన్నా నిలవకపోవడం. నా గొప్పతనం అనుకున్నదంతా దాని చలవే.

ఈ సంగతి తాలీంలో ఎలా పాకిందో తెలియదు. డేవిడ్ రాజు అందరికీ వినపడేలా, "థైరాయిడ్ మా వదినకు ఉండె. ఆడోళ్ళ బీమారి నీకెట్లొచ్చిందన్నా?" అన్నాడు. మట్టిలో దింపి సమాధానం చెబుదామనుకున్నాను గానీ మూడు అడుగులేసేసరికి ఆయాసం వచ్చింది.

డాక్టరమ్మ పేరు ఝాన్సీలక్ష్మి. నా వయసే ఉంటుంది, మాట మాత్రం ఉస్తాద్ కంటే కరుకు. మాత్రలిచ్చింది. మూడు వారాలకు మళ్ళీ చూస్తే తగ్గలేదు, డోసు పెంచింది. అయినా అనుకున్నట్టు దిగడం లేదు. మామూలుగా ఈ జబ్బుకు ఉండే కారణాలు ఒక్కొక్కటే పరీక్షించింది, ఒక్కటీ నాకు లేదు. అది ఆమెకు నచ్చలేదు. కాగితాలు ముందు పెట్టుకొని చాలాసేపు చూసి, "ఇంకెక్కడైనా వాపు గానీ గడ్డ గానీ ఉందా? సిగ్గుపడకుండా చెప్పు" అంది. ఏమీ లేదన్నాను. పరీక్ష చేస్తానంది. పోటీల తర్వాత వస్తానని చెప్పి బయటపడ్డాను. ఆడ డాక్టర్ ముందు ఏం విప్పుతాం.

అమ్మీకి మోకాలి నొప్పి తగ్గింది. నీ బండి నేనే తోలుతున్నాను, బాగానే ఉంది.

విజయేందర్

---

కేరాఫ్ 56 ఏ.పి.ఓ.
జూన్

విజయ్,

ఈసారి వెక్కిరింపులు లేవు. నిమ్మళంగా చదువు.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకొని చదివాను. ఎడమ పక్క పట్టు నీ తిండి, నీ పేరు. దాన్ని ఊరికే ఆపవు. ఆ పట్టులో ఎదుటివాడి బరువంతా నీ తొడల మధ్యకు వస్తుంది. లంగోటు ఎక్కువ చుట్లు ఎందుకు బిగిస్తారో మనిద్దరికీ తెలుసు. అక్కడ దెబ్బ తగిలినవాడు, తగలకూడదని భయపడేవాడు బిగిస్తాడు. డాక్టరమ్మ వాపు గురించి అడిగితే ఏమీ లేదన్నానని రాశావు. లేదు అని రాయలేదు, లేదన్నాను అని రాశావు.

సిగ్గుపడాల్సిన మాట కాబట్టి నేనే ముందు అడుగుతాను. నీ వృషణంలో గడ్డ ఉందా? ఉంటే ఎన్నాళ్ళ నుంచి? దాన్ని ఎవరికీ చూపించలేదంటే నీ అంత మూర్ఖుడు తాలీంలో లేడు.

చిన్నప్పటి నుంచీ ఒకే బావి దగ్గర లంగోటుతో స్నానాలు చేసినవాళ్ళం. నా దగ్గర నీకు దాపరికం ఏంది? నాకు నీ పతకం వద్దు. సెలవులో వచ్చేసరికి నువ్వుండాలి.

నవత చెల్లె పేరున ఇంకో ఉత్తరం రాసి పెట్టాను. నువ్వు చూపించుకున్నానని రాయకపోతే అది తర్వాతి కాన్వాయ్‌లో వస్తుంది. నన్ను తిట్టుకో, పర్వాలేదు.

రియాజ్

---

మల్కాజ్‌గిరి
జూన్ ఆఖరు

రియాజ్,

నీ పని సరిహద్దు కాయడం. నా లంగోటు నీ సరిహద్దు కాదు.

పోటీల్లో మొదటి కుస్తీలోనే ఓడాను. ఎవరి చేతిలోనో తెలుసా, పోయినేడు నేను నవ్వుతూ పడేసిన కుర్రాడి చేతిలో. గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే రిఫరీ ఆపి నీళ్ళు తాగమన్నాడు. ఆ అవమానం చాలు నాకు. నువ్వూ మొదలుపెట్టకు.

నా భార్యకు నువ్వు ఉత్తరాలు రాయాల్సిన పనిలేదు.

విజయేందర్

---

మల్కాజ్‌గిరి
జూలై

రియాజ్,

నిన్ను తిట్టిన ఉత్తరం నీకు అందే ఉంటుంది. దాన్ని చించెయ్యి, ఇది చదువు.

అది పోస్టు చేశాక నాకు కొత్త భయం పట్టుకుంది. నవత పేరున నీ ఉత్తరం వచ్చేస్తే? దాంతో రోజూ మధ్యాహ్నం వర్క్‌షాపు నుంచి ఇంటికొచ్చి గేటు దగ్గర కాపు కాశాను. పోస్ట్‌మ్యాన్ రామభద్రరావు గారిని బతిమాలాను కూడా. ఆయన కళ్ళజోడు సవరించుకొని, "మీ ఆవిడ పేరుతో వస్తే మీ ఆవిడకే ఇస్తాను బాబూ, నలభై ఏళ్ళ సర్వీసులో తప్పు చేయలేదు" అన్నారు. మూడో రోజు నవతకు బడి తొందరగా వదిలారు. గేటు దగ్గర నన్ను చూసి, "ఎవరు రాస్తున్నరు నీకు? పొద్దుగాల లేస్తే ఆ పోస్టాయన కోసమే చూస్తున్నవ్" అంది. ప్రేమలేఖ అనుకుంది పిచ్చిది. వేరే ఆడమనిషి ఉందనుకోవడం కంటే నిజం చెప్పడమే నయమనిపించింది. అక్కడే గేటు పట్టుకొని చెప్పేశాను.

అవును రియాజ్, గడ్డ ఉంది. ఎడమ పక్క. జనవరి నుంచి ఉంది. నొప్పి లేదు, గట్టిగా రాయిలా ఉంది. ఆ నెలలో ఒక కుస్తీలో డేవిడ్ రాజు మోకాలు అక్కడ తగిలింది. దాని వల్లే అనుకున్నాను. అక్కడ దెబ్బ తగిలిందని తాలీంలో ఎవడు చెప్పుకుంటాడు? దానంతట అదే కరిగిపోతుందని ఊరుకున్నాను. ఇన్నాళ్ళూ వాడి మీద పళ్ళు కొరుకుతూ తిరిగాను.

నవత ఏడవలేదు. "ఆరు నెలల సంది నా పక్కన్నే ఉంటున్నవ్. ఒక్క మాట చెప్పకపోతివి" అని, బడి సంచి కింద కూడా పెట్టకుండా ఆటో పిలిచింది.

డాక్టరమ్మ చూసింది. సిగ్గు ఒక్క నిమిషం ఉంది, తర్వాత పోయింది. స్కానింగు తీశారు, రక్తం మళ్ళీ తీశారు. రిపోర్టు వచ్చాక ఆమె మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. జబ్బును చూసి కాదు, లెక్క కుదిరినందుకు. నాకది క్యాన్సర్. వృషణంలో పుట్టింది. గర్భంతో ఉన్న ఆడవాళ్ళలో తయారయ్యే హార్మోను ఒకటుందట, నా గడ్డ దాన్ని కుప్పలుతెప్పలుగా తయారుచేస్తోంది. అది చూడటానికి థైరాయిడ్‌ను నడిపించే హార్మోనులా ఉంటుందట. నా థైరాయిడ్ దాన్నే యజమాని అనుకొని పగలూ రాత్రీ గొడ్డులా పనిచేస్తోంది. ఇలా జరగడం చాలా అరుదట. "నీ మెడలో ఏ దోషమూ లేదు, అందుకే మందులకు సరిగా లొంగలేదు" అంది. దెబ్బ వల్ల క్యాన్సర్ రాదని కూడా చెప్పింది. డేవిడ్ మోకాలి పుణ్యాన అక్కడ తడుముకున్నాను కాబట్టి తెలిసింది, అంతే.

ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చలున్నాయి. ఈ క్యాన్సర్ అంతదూరం పాకినా నయమయ్యే అవకాశం బాగా ఉందని క్యాన్సర్ చూసే పెద్ద డాక్టర్ నవతకు రెండుసార్లు చెప్పాడు, నాకు ఒకసారి. నాకూ రెండోసారి చెప్పించుకున్నాను.

ఎల్లుండి ఆపరేషన్. బోనాల వారం, దారులన్నీ మూసేస్తారని ముందురోజే చేరమన్నారు. నాకు భయంగా ఉంది. చావంటే భయం, మళ్ళీ మట్టిలో దిగలేనేమోనని ఇంకా భయం. ఏది ఎక్కువో తెలియడం లేదు.

విజయ్

---

కేరాఫ్ 56 ఏ.పి.ఓ.
జూలై ఆఖరు

నా విజయ్‌కు,

రెండు ఉత్తరాలూ ఒకే సంచిలో వచ్చాయి. తిట్టింది ముందు చదివాను. "నా లంగోటు నీ సరిహద్దు కాదు" అన్న మాటను పోస్టులో అందరికీ హిందీలో చెప్పాను, ఇప్పుడు ఎవరైనా ఎవరి వస్తువైనా ముట్టుకుంటే ఇదే జవాబు. రెండోది చదివాక బయటికెళ్ళి ఏడ్చాను. ఇక్కడ కన్నీళ్ళు రెప్పల మీదే గడ్డకడతాయి, బయటివాళ్ళకు తెలియదు.

గర్భవతుల హార్మోనట. ముందే చెప్తే శ్రీమంతం చేసేవాళ్ళం కదరా. అబ్బా గాజులు తొడిగేవారు, డేవిడ్ రాజు హారతి పట్టేవాడు. అమ్మీ పంపిన పాయా అంతా ఇద్దరికన్నమాట.

ఇంక నిజం మాట. ఒకటి తీసేస్తే మగతనం తగ్గిందని ఎవడైనా అంటే వాడి పేరు రాసి పెట్టు, సెలవులో వచ్చి మాట్లాడతాను. నిన్ను నేను మట్టిలో వందలసార్లు పట్టాను. నీ బలం ఎక్కడుందో నాకు తెలుసు, అది లంగోటులో లేదు. కిందపడ్డాక మళ్ళీ తిరగబడతావు చూడు, అందులో ఉంది.

నవత చెల్లె పేరున రాసింది పంపలేదు. పొయ్యిలో పెట్టి టీ కాచుకున్నాను.

రియాజ్

---

మల్కాజ్‌గిరి
అక్టోబర్

రియాజ్ భాయ్‌కు,

నాకు వెంట్రుకలు లేవు, కనుబొమ్మలు లేవు, నోట్లో రుచి లేదు. అయినా ఇది గెలుపు ఉత్తరం.

ఆపరేషన్ తర్వాత కీమో మొదలుపెట్టారు. నాలుగు విడతలు. ఒక్కో విడతలో వారం రోజులు మంచానికి అతుక్కుపోయేవాణ్ణి. మెట్టుగూడ నుంచి వచ్చే రైలు కూత వింటే చాలు, కడుపులో తిప్పేది. మీ అమ్మీ రోజూ గంజి పంపింది, నేను రోజూ కక్కాను, ఆవిడ మళ్ళీ పంపింది. ఉస్తాద్ నా మంచం పక్కన కూర్చొని నా పాదాలకు నూనె రాసేవారు. ఒకరోజు, "నువ్వు సన్నబడుతుంటె నేను అందరి ముందల మెచ్చుకుంటి బేటా. నాకు కండ్లు లేకపాయె" అన్నారు. నా జన్మలో ఉస్తాద్ గొంతు అలా వినలేదు.

మొదటి విడత అయ్యేలోపే ఆ హార్మోను సగానికి సగం పడిపోయింది, దాని వెనకే థైరాయిడ్ కూడా నెమ్మదించింది. గుండె దడ ఆగింది. డాక్టరమ్మ థైరాయిడ్ మాత్రలు పూర్తిగా మాన్పించింది. పోయిన వారం నాలుగో విడత తర్వాత పరీక్షలు చేశారు. హార్మోను మామూలు మనిషిలో ఎంతుండాలో అంతే ఉంది. మచ్చలు కరిగాయి. ఝాన్సీలక్ష్మి గారు రిపోర్టు మూడుసార్లు తిప్పి చూసి, "నాకిక నీతో పనిలేదు పో, ఆరు నెలలకోసారి మొహం చూపించు చాలు" అంది. పెద్ద డాక్టర్ మాత్రం నెలనెలా రమ్మన్నాడు. వెళ్తాను, ఎన్నిసార్లయినా విప్పుతాను.

కీమోకి ముందు మా పిల్లల కోసమని నా వీర్యకణాలు తీసి గడ్డకట్టించి దాచారు. అవి నీకంటే చల్లని చోట ఉన్నాయి. నీ కష్టాలు ఇంక నా ముందు చెప్పకు.

విజయ్

---

కేరాఫ్ 56 ఏ.పి.ఓ.
నవంబర్

విజయ్‌కు,

నీ ఉత్తరం తెరిచి చదవకముందే తెలిసింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. హవల్దార్ సాబ్‌కి చూపించాను, "తగ్గిందా మీవాడికి?" అన్నారు. ఆ సాయంత్రం పోస్టు మొత్తానికి హల్వా చేయించాను. మా వంటవాడు పంచదారను ప్రాణంలా దాచుకుంటాడు, అతను కూడా కళ్ళు మూసుకొని వేశాడు.

ఒక్క మాట దాచాను, చెప్పేస్తాను. నీ కీమో రోజుల్లో నాకు సెలవు వస్తే తీసుకోలేదు. పిల్లలున్న మనిషికి ఇచ్చేశాను. నిన్ను మంచం మీద చూసే ధైర్యం నాకు లేదు. ఇప్పుడు వస్తాను. ఫిబ్రవరి ఆఖరులో మమ్మల్ని కొండ మీంచి దించుతారు. ఆలోపు నిన్ను ఎవరూ మట్టిలో ముట్టుకోకూడదని అబ్బాకు కబురు చేశాను.

రియాజ్

---

మల్కాజ్‌గిరి
ఫిబ్రవరి 2025

రియాజ్‌కు,

నీ కబురు నన్ను చంపింది. పెద్ద డాక్టర్ జనవరిలోనే కుస్తీకి ఒప్పుకున్నాడు. కానీ తాలీంలో ఎవడూ నన్ను పట్టడు. పట్టినా గాజుబొమ్మను ఎత్తినట్టు ఎత్తి, మెల్లగా దించి, "సారీ అన్నా" అంటాడు. మల్లయుద్ధంలో సారీ ఏందిరా. ఇంటికొచ్చి నవత దగ్గర ఏడ్చినంత పని చేశాను. బతికానని రిపోర్టులు చెప్తున్నాయి, వాళ్ళ చేతులు మాత్రం నమ్మడం లేదు.

పోయిన ఆదివారం కుర్రాళ్ళ గోళ్ళు, చెవులు, చర్మం చూసి మట్టిలోకి పంపే ముందు ఉస్తాద్ అందరినీ కూర్చోబెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. చెప్పాను. గడ్డ ఎక్కడొచ్చిందో, ఎన్నాళ్ళు దాచానో, థైరాయిడ్ ఎందుకు పిచ్చెక్కిందో, అంతా. ఆ మాటను దాని పేరుతోనే చెప్పాను. ఒక్కడూ నవ్వలేదు. డేవిడ్ రాజు మాత్రం తల దించుకొని, "నొప్పి ఉంటదా అన్నా?" అన్నాడు. నొప్పి లేకపోవడమే దాని మోసం అన్నాను. స్నానం చేసేటప్పుడు ప్రతివాడూ చూసుకోవాలని ఉస్తాద్ హుకుం జారీ చేశారు.

మర్నాడు తెల్లారేసరికి డేవిడ్ బండి మా గేటు దగ్గర ఉంది. "నా మోకాలుతోనే గదా నీకు గిట్లయింది?" అన్నాడు. ముందురోజు నా మాట విన్నప్పటి నుంచీ అదే వాడి గొంతులో ఉందట. కాదురా, నీ మోకాలే నన్ను బతికించిందన్నాను. వాడింకా కదల్లేదు. చివరికి నేల చూస్తూ, "నాకు సుత ఉబ్బింది" అన్నాడు.

నేను చొక్కా వేసుకోవడం కూడా మరిచి బండెక్కాను, నవత వెనక నుంచి విసిరింది. స్కానింగు గది బయట బెంచీ మీద కూర్చుంటే, ఆరడుగుల మనిషి నా చేతిని వదల్లేదు. లోపలికి పిలిచినప్పుడు, "వాళ్ళు ఆడోళ్ళే ఉన్నరన్నా" అన్నాడు. ఒక్క నిమిషమేరా సిగ్గు, పో అన్నాను. గంట తర్వాత డాక్టర్ బయటికొచ్చి, నీరు చేరింది, చిన్న ఆపరేషన్‌తో పోతుంది, తొందరేం లేదు, ఇంకేం భయం లేదని చెప్పింది. డేవిడ్ మెట్ల మీద కూలబడి భోరుమన్నాడు. వాడికంటే ఎక్కువ నేనే ఏడ్చాను. నా రిపోర్టు వచ్చిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు రియాజ్.

సాయంత్రం తాలీంలో వాడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆపరేషన్ దాకా కుస్తీ ఆడొచ్చా అని నేనడిగితే, డాక్టర్‌ను అడిగానన్నాడు, మెల్లగా ఆడుకోమందట. "మెల్లగ నాకు రాదన్నా" అన్నాడు. నా మెడ మీద చెయ్యి వేశాడు. ఆ చేతి బరువు తెలిసింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఒక మనిషి తన బలమంతా నా మీద పెట్టాడు. ఎత్తి మట్టిలో కొట్టాడు. వీపు నేలకు తగిలి ఊపిరి ఆగింది, నోట్లో మట్టి, అందులో కలిపిన పసుపు రుచి. చిత్తుగా ఓడి పడుకొని పైకి చూస్తూ నవ్వుతూనే ఉన్నాను. ఎవడూ సారీ చెప్పలేదు. ఉస్తాద్ గట్టు మీద నుంచి కళ్ళు తుడుచుకుంటూ, "లెవ్ రా, ఇంకోటి" అని అరిచారు.

లేచాను. రెండోది నేను గెలిచాను.

నీ
విజయేందర్